కేటో మేనర్ భూమికి వారసులు ఎవరు?

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి. "చాట్స్‌వర్త్‌కు రాకముందు మనవాళ్ళు ఎక్కడ ఉండేవారు?" చాలా ఇళ్ళలో ఒకటే జవాబు వస్తుంది: కేటో మేనర్. తర్వాత వాళ్ళు మామిడి చెట్టు గురించి చెబుతారు. కూరగాయల మళ్ళ గురించి, వాగు గురించి, గుడిలో జరిగిన పండుగల గురించి చెబుతారు. చివరికి కాస్త గొంతు తగ్గించి, "ఆ భూమి కోసం అర్జీ పెట్టాం, కానీ..." అని ఆగిపోతారు.

ఆ "కానీ" తర్వాత ఏముందో మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను లాయరును కాను. బళ్ళో పాఠాలు చెప్పే మనిషిని. గుడి తరగతుల్లో మాకు ప్రార్థనలు నేర్పారు, పద్యాలు నేర్పారు. దస్తావేజు, వారసులు, పరిహారం, వాటా అనే మాటలు నేర్పలేదు. ఈ నాలుగు మాటలూ మా కుటుంబం భూమి కోసం అర్జీ పెట్టినప్పుడే నాకు తెలిశాయి.

దస్తావేజు అంటే భూమి ఎవరిదో చెప్పే కాగితం. వారసులు అంటే చనిపోయినవారి ఆస్తి మీద హక్కు ఉన్నవాళ్ళు. పరిహారం అంటే పోయినదానికి బదులుగా ఇచ్చేది. వాటా అంటే పంచుకున్నప్పుడు ఒకరికి వచ్చే భాగం. చదువుతున్నంతసేపూ ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

కేటోగారికి దొరికిన బదులు స్థలం

కేటో మేనర్‌కు ఆ పేరు జార్జ్ కేటో వల్ల వచ్చింది. ఆయన డర్బన్ మొదటి మేయరు. సముద్రం ఒడ్డున ఆయనకు ఒక స్థలం ఉండేది. సైన్యం అవసరాల కోసం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. దానికి బదులుగా 1865లో ఆయనకు ఇచ్చిన భూమే కేటో మేనర్. అంటే ఈ భూమి కథ బదులు స్థలంతోనే మొదలైంది. ఆ మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

అదే కాలంలో మన పూర్వీకులు ఓడలు దిగుతున్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పందం మీద నటాల్‌కు వచ్చారు. పదేళ్ళు ఇక్కడ ఉన్నవాళ్ళకు ఉచితంగా తిరిగి వెళ్ళే హక్కు ఉండేది. ఆ తిరుగు ప్రయాణానికి బదులు కొంచెం భూమి తీసుకోవచ్చని 1870లో ఒక చట్టం వచ్చింది. కానీ అలా భూమి దొరికింది చాలా కొద్దిమందికే. 1890ల నాటికి ఆ వీలు కూడా పోయింది.

మిగిలినవాళ్ళు ఏం చేశారు? కౌలుకు భూమి తీసుకున్నారు. కూరగాయలు పండించి, బుట్టల్లో మోసుకెళ్ళి అమ్మారు. పెన్నీ పెన్నీ కూడబెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేటో మేనర్ భూమిని ముక్కలు చేసి అమ్ముతున్నప్పుడు కొందరు కొనుక్కున్నారు, కొందరు కౌలుకు తీసుకున్నారు. ఓడ దిగినవాళ్ళ కొడుకుల పేర్లు దస్తావేజుల మీదికి ఎక్కాయి.

భూమి ఎలా పోయింది

1932లో కేటో మేనర్ డర్బన్ నగరంలో కలిసింది. భారతీయుల భూములకు ఎదురుగా ఆఫ్రికన్ల గుడిసెలు కూడా పెరిగాయి. చాలా గుడిసెలు భారతీయుల స్థలాల్లోనే అద్దెకు ఉండేవి. ఆఫ్రికన్లు ఆ ప్రాంతాన్ని ఉంకుంబానే అని పిలిచేవారు, అక్కడి వాగు పేరు మీద. 1949 జనవరిలో డర్బన్‌లో జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. వాళ్ళలో ఆఫ్రికన్లూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే చెప్పే చట్టం అది. 1958లో కేటో మేనర్ తెల్లవాళ్ళ ప్రాంతం అని ప్రకటించారు. ఆఫ్రికన్లను క్వామాషుకు పంపారు. భారతీయులను ఎక్కువగా చాట్స్‌వర్త్‌కు పంపారు. 1964 నుంచి అక్కడ ఇళ్ళు నిండసాగాయి. ఆ చాట్స్‌వర్త్ నేల కూడా అంతకుముందు భారతీయుల అరటి తోటలే. ఒకరి భూమి తీసుకుని, ఇంకొకరి భూమి పోగొట్టుకున్నవాళ్ళకు ఇళ్ళు కట్టారు.

కేటోగారికి బదులు స్థలం దొరికింది కదా? మరి మనవాళ్ళకు? ప్రభుత్వం తానే ధర కట్టింది, తానే కొంది. చాట్స్‌వర్త్ ఇల్లు ఉచితంగా రాలేదు, వాయిదాల మీద కొనుక్కోవాల్సి వచ్చింది. పెరడు, బావి, చెట్లు, మళ్ళు ఉన్నవాళ్ళకు గోడకు గోడ ఆనుకున్న చిన్న ఇళ్ళు దొరికాయి. ఖాళీ చేయించిన కేటో మేనర్ మాత్రం చాలా ఏళ్ళు గడ్డి పట్టి పడి ఉంది. బెల్లేర్ రోడ్డు పక్కన గుళ్ళు నిలిచాయి. పండుగలకు జనం చాట్స్‌వర్త్ నుంచి బస్సుల్లో వచ్చి పూజలు చేసి వెళ్ళేవారు.

చట్టం ఏమంటుంది?

1994లో దేశం మారింది. ఆ ఏడే భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం వచ్చింది. "పునరుద్ధరణ" పెద్ద మాట. పోయినదాన్ని మళ్ళీ నిలబెట్టడం అని అర్థం. ఈ చట్టం ప్రకారం అర్హత కావాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

మొదటిది: భూమి ఎప్పుడు పోయింది? 1913 జూన్ 19 తర్వాత పోయి ఉండాలి.

రెండోది: ఎందుకు పోయింది? జాతి వివక్ష చూపే చట్టం వల్లనో, పద్ధతి వల్లనో పోయి ఉండాలి.

మూడోది: అప్పుడు న్యాయమైన పరిహారం ఇచ్చారా? ఇచ్చి ఉంటే అర్హత లేదు.

నాలుగోది: అర్జీ ఎప్పుడు పెట్టారు? 1998 డిసెంబరు 31 లోపు పెట్టి ఉండాలి.

భూమి పోయిన మనిషి చనిపోతే నేరుగా ఆయన సంతానంలోనివాళ్ళు అర్జీ పెట్టవచ్చు. అర్హత తేలితే ఏం దొరుకుతుంది? పాత స్థలమే తిరిగి ఇవ్వవచ్చు. అది కుదరకపోతే ప్రభుత్వ భూమిలో బదులు స్థలం ఇవ్వవచ్చు. లేదా డబ్బు ఇవ్వవచ్చు.

వినడానికి తేలికగానే ఉంది. కానీ దేశమంతటా సుమారు 80,000 అర్జీలు వచ్చాయి. ఒక్కో అర్జీ వెనుక ఒక కుటుంబం ఉంది. ఒక్కో కుటుంబంలో ఒక తగాదా ఉంది. మన ఇళ్ళలో నేను ఎక్కువగా విన్న మూడు తగాదాలు చెబుతాను.

మొదటి తగాదా: పేరు

అప్పలస్వామి అనే పేరే తీసుకోండి. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇది బాగా వినిపించే పేరు. ఓడ జాబితా రాసిన గుమాస్తాకు తెలుగు రాదు. అతను చెవికి వినిపించినట్టు రాశాడు. అందుకే ఒక కాగితంలో అప్పల్సామి, ఇంకో కాగితంలో అపలసామీ, మరో కాగితంలో ఆపెల్సామి అని కనిపిస్తుంది. నాయుడు నైడూ అయ్యాడు. మన ఇంటిపేర్లు చాలావరకు సముద్రంలోనే పోయాయి. తండ్రి పేరు కొడుక్కి ఇంటిపేరు అయింది. ఒక్కో ఇంట్లో అన్నకు ఒక ఇంటిపేరు, తమ్ముడికి ఇంకొకటి.

అర్జీ పెట్టే రోజు వచ్చినప్పుడు ఇది తమాషా కాదు. దస్తావేజులో ఉన్న మనిషి, మరణ పత్రంలో ఉన్న మనిషి ఒక్కడే అని చూపించాలి. పైగా హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళిని రిజిస్టరు చేయించకపోతే ఈ దేశపు చట్టం దాన్ని పెళ్ళిగా ఒప్పుకునేది కాదు. అందుకని భార్య పేరు, పిల్లల పేర్లు కాగితాల్లో సరిగ్గా కలవవు.

మా తాత పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. మమ్మల్ని కాపాడింది మా అవ్వ రేకు పెట్టె. ఆమె చనిపోయాక కూడా దాన్ని ఎవరూ పారేయలేదు. అందులో నగరానికి కట్టిన పన్ను రసీదులు దారంతో కట్టి ఉన్నాయి. అవ్వకు చదువు రాదు. కానీ కాగితం విలువ తెలుసు. పేరు ఎలా రాసినా రసీదుల మీద స్థలం నంబరు ఒక్కటే. పాత పొరుగువాళ్ళు ఇద్దరు వచ్చి, "ఈయన ఆయనే" అని ప్రమాణ పత్రం రాసి ఇచ్చారు.

రెండో తగాదా: వాటా

ఇది చెప్పడం నాకు కష్టం. అయినా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోనూ జరిగి ఉండవచ్చు.

మా తాతకు ఆరుగురు పిల్లలు. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. 1998లో గడువు దగ్గర పడినప్పుడు మా పెదనాన్న వంశవృక్షం రాశారు. వంశవృక్షం అంటే ఎవరికి ఎవరు పుట్టారో చెట్టులా గీసిన బొమ్మ. దానికి నాలుగు కొమ్మలే ఉన్నాయి. నా ఇద్దరు మేనత్తలు అందులో లేరు.

"వాళ్ళు పెళ్ళిళ్ళయి వేరే ఇళ్ళకు వెళ్ళారు కదా," అన్నారు పెదనాన్న. ఆయన చెడ్డవారు కారు. ఆయనకు తెలిసిన లోకం అది. మా నాన్న కూడా అప్పుడు ఏమీ అనలేదు.

పెద్దత్తకు ఆ కాగితం చూపించింది నేనే. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఇలా అంది: "తెల్లారక ముందే లేచి నాన్నతో సంతకు మెంతికూర కట్టలు మోశాను. మళ్ళలో కలుపు తీయడానికి నన్ను బడి మాన్పించారు. మీ నాన్న, మీ పెదనాన్న బడికి వెళ్ళారు. ఆ భూమికి నేను పరాయిదాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ చట్టం దగ్గర ఉంది. చట్టం కొడుకు, కూతురు అని తేడా చూపదు. నేరుగా సంతానమా కాదా అన్నదే చూస్తుంది. ఒకరికంటే ఎక్కువమంది వారసులు అర్జీ పెడితే తలలు లెక్కపెట్టి పంచరు, కొమ్మలు లెక్కపెట్టి పంచుతారు. ఇది బాగా అర్థం కావాలి కాబట్టి లెక్క చేసి చూద్దాం.

తాతకు ఆరుగురు పిల్లలు. కాబట్టి ఆరు కొమ్మలు, ఆరు సమానమైన వాటాలు. మా చిన్నాన్న ఒకరు అప్పటికే చనిపోయారు, ఆయనకు ముగ్గురు పిల్లలు. ఆ ముగ్గురూ కలిసి ఒక్క వాటానే పంచుకుంటారు. అంటే ఒక్కొక్కరికి పద్దెనిమిదో వంతు. మేనత్తలకు చెరొక ఆరో వంతు. కొడుకులకు ఎంతో, కూతుళ్ళకూ అంతే.

నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో పేరు. అందుకే వంశవృక్షం మళ్ళీ రాసే పని నాకు ఇచ్చారు. ఈసారి ఆరు కొమ్మలు గీశాను. అత్తలు ఇద్దరూ తమ అర్జీలు పెట్టారు. గడువుకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. పెదనాన్న మూడేళ్ళు మా ఇంటికి రాలేదు.

ఆ నెలలో ఎవరూ అడగకపోయి ఉంటే, అత్తల హక్కు 1998 డిసెంబరు 31 రాత్రితో పోయేది. దాన్ని తీసేసినవాళ్ళు తెల్ల ప్రభుత్వంవాళ్ళు కారు, మేమే అయ్యేవాళ్ళం.

మూడో తగాదా: అద్దెకు ఉన్నవాళ్ళు

మన సంఘంలో చాలామంది అనుకున్నారు, ఈ చట్టం దస్తావేజు ఉన్నవాళ్ళకే అని. అది తప్పు. చట్టం దృష్టిలో రిజిస్టరు కాని హక్కు కూడా హక్కే. భూమి పోవడానికి ముందు వరుసగా పదేళ్ళకు తక్కువ కాకుండా అక్కడ ఉండి, ఆ స్థలాన్ని తనదిగా వాడుకున్నవాళ్ళకు కూడా అర్హత ఉండవచ్చు.

ఇది తెలియక నష్టపోయినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మా వీధిలో ఒక కుటుంబం రెండు తరాలు కౌలు భూమిలో ఉంది. "మాకు కాగితం లేదు, మాకేం వస్తుంది" అని వాళ్ళు అర్జీ పెట్టలేదు. తెలిసేసరికి గడువు దాటింది.

అదే నియమం మన పూర్వీకుల స్థలాల్లో అద్దెకు ఉన్న ఆఫ్రికన్ కుటుంబాలకూ వర్తిస్తుంది. కొందరికి ఇది నచ్చదు. "భూమి మాది, వాళ్ళకు హక్కేమిటి?" అంటారు. ఆ ఇంటి నుంచి ఒకే చట్టం యజమానినీ వెళ్ళగొట్టింది, అద్దెకున్నవాళ్ళనూ వెళ్ళగొట్టింది. ఒకరికి న్యాయం అడిగినప్పుడు రెండోవారిని కాదనలేం.

స్థలమా, డబ్బా?

అర్హత తేలినా పని అయిపోదు. గడ్డి పట్టిన కేటో మేనర్‌కు 1980ల చివర నుంచి ఇల్లు లేని పేదలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 1990లలో నగరం అక్కడ ఇళ్ళు, రోడ్లు, బళ్ళు కట్టే పెద్ద పథకం మొదలుపెట్టింది. పాత యజమానులకు భూమి తిరిగి ఇస్తే ఈ పథకం ఆగిపోతుంది. అందుకే నగర అధికారులు భూమి కోర్టుకు వెళ్ళారు. ప్రజల మేలు కోసం ఈ భూమిని తిరిగి ఇవ్వకుండా ఆజ్ఞ ఇవ్వమని అడిగారు. చట్టంలో అలా అడిగే వీలుంది. చాలామంది పాత యజమానులు అభ్యంతరం చెప్పారు. చివరికి 1997లో రాజీ కుదిరింది. పథకం సాగుతుంది, అయితే పాత స్థలం తిరిగి ఇవ్వడం కుదురుతుందా లేదా అన్నది విడివిడిగా చూస్తారు.

మా ఆరు కొమ్మల్లో మూడు స్థలం కావాలన్నాయి, మూడు డబ్బు చాలన్నాయి. ఒక రోజు అందరం కలిసి స్థలం చూడటానికి వెళ్ళాం. మామిడి చెట్టు లేదు. తాత మళ్ళు ఉన్నచోట చిన్న చిన్న ఇళ్ళు ఉన్నాయి. ఒక ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్న ఆమె మమ్మల్ని పలకరించింది. ఎవరి కోసం వచ్చారని అడిగింది. చెప్పాం. ఆమె తల్లి కూడా ఉంకుంబానేలోనే పుట్టిందట, చిన్నప్పుడే క్వామాషుకు పంపించారట. మాకు తాగడానికి నీళ్ళు ఇచ్చింది.

తిరిగి వస్తుంటే కారులో ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్దత్తే అంది, "ఆమెను లేపి నేను కూర్చోలేను." స్థలం కావాలని గట్టిగా అడిగింది కూడా ఆమే. మేము బదులు స్థలం గురించి కూడా ఆలోచించాం. కానీ ఒక చిన్న స్థలాన్ని ఆరు కొమ్మలు ఎలా పంచుకుంటాయి? డబ్బు తీసుకుంటామని రాసి ఇచ్చాం.

డబ్బు వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి పెద్దత్త లేదు. ఆమె ఆరో వంతు ఆమె పిల్లలకు వెళ్ళింది. ఆమె దహనానికి పెదనాన్న వచ్చారు. పిల్లలతో ఆయన అన్న మాట, "మీ అమ్మ వాటా మీరు తీసుకోండి, అది ఆమె కష్టం."

ఇప్పుడు మీరు ఏం చేయవచ్చు?

గడువు దాటింది కదా, ఇప్పుడు ఈ మాటలెందుకు అని మీరు అడగవచ్చు. 2014 జూలై 1న ప్రభుత్వం గడువును మళ్ళీ తెరిచింది. 1,60,000 కంటే ఎక్కువ కొత్త అర్జీలు వచ్చాయి. కానీ 2016 జూలై 28న రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణ చెల్లదని చెప్పింది. చట్టం చేసేముందు ప్రజల మాట సరిగ్గా వినలేదన్నది కారణం. అప్పటికే పెట్టిన కొత్త అర్జీలను కొట్టేయలేదు. 1998 నాటి పాత అర్జీల పని ముందు చేయమంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా 1998లో గానీ, 2014, 2016 మధ్యలో గానీ అర్జీ పెట్టి ఉంటే ఆ కాగితాన్ని వెతకండి. దాని మీద ఉన్న నంబరు రాసి పెట్టుకోండి. అర్జీ పెట్టినవారు చనిపోయి ఉంటే వారి తర్వాత ఎవరో తేల్చి పెట్టుకోండి.

పాత కాగితాలు దొరికే చోట్లు కూడా ఉన్నాయి. దస్తావేజుల కోసం పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని డీడ్స్ ఆఫీసు ఉంది. చనిపోయినవారి ఆస్తి వివరాలు హైకోర్టు మాస్టర్ ఆఫీసు దస్త్రాల్లో ఉంటాయి. ఓడల జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెస్ట్‌విల్ క్యాంపస్‌లోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో మన చరిత్రకు సంబంధించిన కాగితాలు, ఫొటోలు ఉన్నాయి. వెతికేటప్పుడు ఒక్క పేరుతో ఆగిపోకండి. అప్పల్సామి దొరకకపోతే ఆపెల్సామి అని చూడండి.

ఈ నెల తెలుగు తరగతికి ఇంటి పని కూడా ఇదే. ఒక పెద్ద కాగితం తీసుకోండి. మీ ముత్తాత, ముత్తవ్వల దగ్గర మొదలుపెట్టి మీ వంశవృక్షం తెలుగులో రాయండి. తాత, అవ్వ, పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ అన్న మాటలన్నీ అందులో వాడండి. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలను మర్చిపోకండి. రాశాక మీ ఇంట్లో అందరికంటే పెద్ద ఆమెకు చూపించి, "ఎవరైనా తప్పిపోయారా?" అని అడగండి.